వేటకు ముందు

మన సాహిత్యంలో రాక్షసవధలకు కొదువ లేదు. కాని వాటిలో వేటకథ అనిపించుకోదగినది, నా దృష్టిలో, ఆదిపర్వంలోని బకాసుర వృత్తాంతమే. ఏకచక్రపురవాసులు రాక్షసునితో ఒక ఒడంబడిక చేసుకొని బ్రతుకుతూ ఉంటారు. వంతు ప్రకారం ఒక్కొక్క యింటివారు బండెడు అన్నాన్నీ, బండిని లాగే పశువులనూ, తోలుకొనిపోయే మనిషినీ వాడికి ఆహారంగా పంపవలె. పాండవులు తలదాచుకొన్న బ్రాహ్మణుని యింటికి వంతు వచ్చిననాడు లోపలినుండి రోదనం వినవస్తుంది. కుంతి వెంటనే భీముణ్ణి పురికొల్పదు. తానే లోపలికి వెళుతుంది. ఆ దుఃఖానికి కారణమేమిటో అడుగుతుంది. తండ్రి తాను పోతానంటాడు, తల్లి తాను పోతానంటుంది, కూతురు తనను పంపమంటుంది. వ్యాసభారతంలోనైతే మాటలైనా సరిగా రాని పసివాడు గడ్డిపరక చేతబట్టి, దీనితోనే రాక్షసుణ్ణి చంపుతానంటాడు. ఇదంతా విని, తెలుసుకొని, ఆలోచించిన మీదటనే భీముడు బండి తోలుతాడు. అడవికి వెళ్లి, రాక్షసునికై తెచ్చిన అన్నాన్ని వాడు చూస్తుండగానే ఆరగిస్తాడు. పోరు ఆ తరువాతి సంగతి. పోరాటమెట్లా సాగిందో చాలమందికి గుర్తుండదు. గడ్డిపరక పట్టిన పసివాడు మాత్రం గుర్తుంటాడు.

ఈ వృత్తాంతాన్ని ఇరవై యేళ్లకు పైగా తరగతులలో చెబుతూ వచ్చాను. అది ఒక ఆటను ఎంపిక చేయడానికి గీటురాయిగా పనికివస్తుందని ఎన్నడూ ఊహించలేదు. రెండేళ్ల క్రిందట నేను భూపాలపల్లిలో పనిచేస్తున్నప్పుడు, వానాకాలపు సాయంత్రాలలో బస్సుకోసం వేచి ఉండే విద్యార్థులు ఏడుగురు ఒక పెట్టె పట్టుకొని నా గదికి వచ్చారు. వారిలో సగంమంది సింగరేణి కార్మికుల పిల్లలు. తక్కినవారు చుట్టుపట్ల పల్లెలవారు. ఒకరి అన్న హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆయన మిత్రులతో ఆడి, విసిగి, తమ్ముడికిచ్చిన ఆట అది.

“మేడం, ఇండ్ల రాక్షసులున్నరు. మీరు పురాణాలు సదివినోళ్లు గదా, ఎట్ల ఆడాల్నో జెర చెప్పుండ్రి” అన్నాడొకడు.

పెట్టెమీద 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అని ఉంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనేవారు రూపొందించిన ఆట అది. బల్లచుట్టూ కూర్చొని పాత్రధారణ చేస్తూ ఆడే ఆటలన్నింటికీ అదే ఆద్యమని చెప్పవచ్చు. అందులో గళ్ల పటం లేకపోయినా ఆట ఆగదు. ఒకరు కథానిర్వాహకులు. వారు సన్నివేశాన్ని వర్ణిస్తారు: చీకటి గుహ, తడిసిన మెట్లు, లోపలెక్కడో ఊపిరి చప్పుడు. తక్కినవారు ఒక్కొక్క పాత్రను ధరించి, “నేను దివిటీ ముందుకు చాపి చూస్తాను” అనో, “నేను వెనుకనే నిలుస్తాను” అనో పలుకుతారు. ఫలితం సందిగ్ధమైన చోట పాచికలు వేస్తారు. నాలుగు ముఖాల పాచిక మొదలు ఇరవై ముఖాల పాచిక దాకా ఆ పెట్టెలో ఉన్నాయి. శకుని చూస్తే ముచ్చటపడేవాడే!

ఇది మనకు పూర్తిగా కొత్త విద్య అనుకోనక్కరలేదు. అంతకుముందు నేను జనగామలో పనిచేశాను. ఒగ్గుకథకు దేశమంతటా పేరు తెచ్చిన చుక్క సత్తయ్యగారి ఊరు మాణిక్యాపురం ఆ జిల్లాలోనిదే. ఆయన 2017లో కన్నుమూశారు. చిందు యక్షగాన కళాకారులు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఆ ప్రాంతమంతా తన పండుగగా చేసుకొంది. ఒగ్గుకథలో ప్రధాన కథకుడు ఒక క్షణం తాను కథకుడు, మరుక్షణం తానే రాజు, ఆపై తానే ముసలవ్వ. ప్రక్కనున్నవాడు ప్రశ్నిస్తాడు, ఎగతాళి చేస్తాడు, కథను మలుపు తిప్పుతాడు. బల్లచుట్టూ ఆడే ఆటలో ఉన్న తేడా ఒక్కటే. ఇక్కడ ప్రేక్షకుడంటూ ఎవడూ ఉండడు, అంతం ఎవరికీ ముందుగా తెలియదు.

పెట్టెలోని పుస్తకాన్ని నేను రెండు రాత్రులు చదివాను. అందులో రాక్షసుల పట్టిక ఉంది. మన 'రాక్షస' శబ్దం కూడా దానిలో చేరింది. కాని ఆ రాక్షసునికి పులితల, వెనుకకు తిరిగిన అరచేతులు! హిడింబకు ఘటోత్కచుణ్ణి కనిపెంచిన తల్లిగా గౌరవమిచ్చిన జాతివాళ్లం మనం. పురాణాలలోని రాక్షసునికి వంశముంటుంది, వరముంటుంది, ఒక్కొక్కప్పుడు భక్తి కూడా ఉంటుంది. ఆ పట్టికలో ఉన్నది ప్రధానంగా బలమూ, దెబ్బ తట్టుకొనే శక్తీ. ఓడించిన ప్రతి జీవికీ ఇన్ని అనుభవాంకాలని లెక్క. ఈ ఆటను నేను తక్కువ చేయడం లేదు. లోకంలో లక్షలమంది దానిని ప్రేమించడానికి కారణాలున్నాయి. అయితే 2014నాటి దాని అయిదవ కూర్పుకు ముఖ్యగ్రంథాలు మూడు, ఒక్కొక్కటి మూడు వందల పుటలకు పైబడినవి, అన్నీ ఆంగ్లంలో. బస్సు వచ్చేలోపు ఆడుకోవలసిన పిల్లలకు అది గాదెలోని ధాన్యాన్ని గింజ గింజగా ఏరుకోవడం వంటిది.

అసలు చిక్కు అది కాదు. అది తొలి కథతో బయటపడింది.

నియమాలు పూర్తిగా తెలియకపోయినా పిల్లలు ఆగలేదు. ఆట సరదా తెలిసిన కుర్రవాడొకడు తొలి కథను వ్రాసుకొని వచ్చాడు. ఒక ఊరు, ఊరి చివర పాడుబడ్డ యిల్లు, అందులో ఒంటరిగా ఉండే ముసలి మంత్రగత్తె. ఊళ్లో పశువులు చస్తున్నాయి, పిల్లలకు జ్వరాలు. వీరులు వెళ్లి ఆమెను చంపాలి. చంపితే ఇన్ని అంకాలు. అందరూ ఉత్సాహంగా పాత్రలు పంచుకొన్నారు, ఒక్క అమ్మాయి తప్ప. ఆమె తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, సంచిలో వేసుకొని, బస్సు వస్తుందని చెప్పి లేచిపోయింది. బస్సుకు ఇంకా ముప్పావుగంట ఉంది.

మరునాడు ఆమె నాతో చెప్పిన సంగతి క్లుప్తంగానే చెబుతాను. ఆమె నాయనమ్మ వితంతువు, ఊరి చివర యిల్లు, ఆకుపసర్ల వైద్యం తెలుసు. మూడేళ్ల క్రిందట వాడలో ఒక పిల్లవాడు జబ్బుచేసి పోయాడు. అప్పటినుండి ఆ యింటి గడప తొక్కేవారు లేరు. ఎవరూ కొట్టలేదు, తిట్టనూ లేదు. ఆమె ఎదురైతే పిల్లలను కొంగుచాటుకు లాక్కొంటారు. “మా నాయనమ్మ ఇప్పుడు పగటిపూట బయటికి వెళ్లదు మేడం” అంది.

మన ప్రాంతపు దినపత్రికలను చదివేవారికి 'మంత్రాల నెపంతో' అని మొదలయ్యే వార్త కొత్త కాదు. నెపం అన్న మాటను ఆ విలేఖరులు ఎంత సరిగా ఎంచుకొన్నారో! కొన్నిచోట్ల వెనుక భూమి తగాదా ఉంటుంది, కొన్నిచోట్ల పాత పగ, మరికొన్నిచోట్ల వైద్యం అందని మరణాన్ని ఎవరో ఒకరికి అంటగట్టాలనే గుడ్డి దుఃఖం. ఇది మన పల్లెల పాపం మాత్రమే కాదు. 1692లో అమెరికాలోని సేలం ప్రాంతంలో మంత్రగత్తెలనే నేరం మోపి పందొమ్మండుగురిని ఉరితీశారు. అక్కడ కూడా ముందు జబ్బు, ఆపై అనుమానం, ఆ తరువాతనే విచారణ అనే పేరు. రాక్షసుడెవరో మొదటే తేల్చుకొన్న వేట ఎక్కడైనా ఇట్లాగే నడుస్తుంది.

కథ వ్రాసిన కుర్రవాడు దుష్టుడు కాడు. వాడు చూసిన సినిమాలూ, విన్న మాటలూ వాడి చేత అట్లా వ్రాయించాయి. వాడికి నేను సుద్దులు చెప్పి ఉంటే, తల వంచుకొని విని, మరొకచోట అదే ఆట ఆడేవాడు. ఆటే మారాలని తోచింది. నియమాలలోనే అడగడమన్నది ఉండాలి, అడగకుండా కొడితే ఓడిపోయేటట్లుండాలి. అటువంటి ఆట ఎక్కడైనా ఉందా అని వెదకడం మొదలుపెట్టాను.

మహబూబాబాదులో పనిచేసిన నాళ్లలో నాకు బాగా అలవాటైన ఆట పులి-మేక. రచ్చబండల మీదా, గుడి ముంగిటి బండల మీదా గీతలు గీసి మూడు పులులతో, పదిహేను మేకలతో ఆడతారు. ఇదీ వేటే. కాని ఇందులో మేక పులిని చంపలేదు. చంపే నియమమే లేదు. మేకలన్నీ ఒకదానికొకటి ఆసరాగా నిలిచి, పులి కదలకుండా దారులు మూస్తే గెలుపు. ఒంటరిగా చిక్కిన మేక పోతుంది. తండాలనుండి వచ్చే పిల్లలు ఈ ఆటలో నన్ను ఎన్నిసార్లు కట్టడి చేశారో లెక్కలేదు. బలహీనులు ప్రబలుని ఎదుర్కొనే తీరు ఇంతకన్న చక్కగా చూపే ఆట నేనెరుగను. అయితే అందులో మాట లేదు, కథ లేదు. మా పిల్లలకు కావలసింది కథ.

1981లో వచ్చిన 'కాల్ ఆఫ్ థుల్హు' అనే ఆట గురించి ఆ సాఫ్ట్‌వేర్ అన్నగారే ఫోనులో చెప్పారు. అమెరికన్ రచయిత లవ్‌క్రాఫ్ట్ భయానక కథల ఆధారంగా శాండీ పీటర్సన్ చేసిన ఆట అది. అందులో పాత్రలు వీరులు కారు, పరిశోధకులు. పాత గ్రంథాలయాలలో తవ్వుతారు, సాక్షులను పలకరిస్తారు. ఇది బాగున్నదే అనుకొన్నాను. కాని అందులో తెలిసినకొద్దీ మతి చెడుతుంది. అంతిమంగా మనిషి ఏమీ చేయలేడన్న నిస్పృహ దాని ప్రాణం. పైగా ఆ మూలకథలలో పరాయివారి పట్ల ఏవగింపు దాగేది కాదు. ప్రవేశపరీక్షల భయంతోనే సగం నలిగిన పదిహేడేళ్లవారికి ఆ నిస్పృహను వినోదంగా అందించడానికి నాకు మనసొప్పలేదు.

చివరకు నిలిచింది 'మాన్‌స్టర్ ఆఫ్ ది వీక్'. మైఖేల్ శాండ్స్ రచన, 2012లో వచ్చింది. 'వారానికో రాక్షసుడు' అని తెలుగు చేసుకోవచ్చు. వారం వారం కొత్త భూతాన్ని వెంటాడే టెలివిజన్ ధారావాహికల పోకడ దానికి ఆధారం. కథ నేటి కాలంలోనే, మనం ఎరిగిన ఊళ్లోనే జరుగుతుంది. కత్తులూ కోటలూ అక్కరలేదు, ఇంట్లో ఏ వైకుంఠపాళి పెట్టెలోనో దొరికే ఆరుముఖాల పాచికలు రెండు చాలు. రెండూ వేసి, వచ్చిన మొత్తానికి పాత్ర నేర్పును బట్టి ఒక అంకె కలుపుతారు. పది, ఆపైన వస్తే అనుకొన్నది నెరవేరుతుంది. ఏడు మొదలు తొమ్మిది వరకు వస్తే నెరవేరుతుంది గాని ఏదో ఒక మూల్యం చెల్లించాలి. ఆరు, అంతకు లోపు వస్తే పని చెడుతుంది. కాని ఆ చెడినందుకే ఆటగానికి ఒక అనుభవాంకం దక్కుతుంది. ఇక్కడ నేర్పు పెరిగేది చంపినందుకు కాదు, తప్పిపోయినందుకు.

గణితం బోధించే సహోద్యోగి ఒకరు దీనిని నల్లబల్ల మీద విప్పి చూపారు. రెండు పాచికలు ముప్పై ఆరు విధాలుగా పడతాయి. ఏ అంకే కలపకపోతే పూర్తి ఫలం ఆరు విధాలు, మూల్యంతో కూడిన ఫలం పదిహేను, వైఫల్యం పదిహేను. ఇరవై ముఖాల ఒంటి పాచికకు ప్రతి అంకె సమానమే, దానికి మధ్యమార్గం పట్టదు. రెండు పాచికలు మాత్రం మధ్యకే మొగ్గుతాయి. అందుచేత ఈ ఆటలో పని అయీ కానట్లుగా, ఎంతో కొంత నష్టంతో జరుగుతుంది. “జీవితం లెక్క ఉన్నది” అన్నారు ఆయన. లెక్కల మాష్టారి నోట ఆ మాట వినడం నాకు వింతగా తోచింది.

నన్ను ఒప్పించింది మాత్రం వేరొక నియమం. ఈ ఆటలో ప్రతి రాక్షసునికీ ఒక మర్మం ఉండితీరాలి. అది తెలియనిదే వాడిని పూర్తిగా అంతం చేయలేరు. తెలుసుకోవాలంటే విచారించాలి. విచారణకు పాచికలు వేసి నెగ్గిన ఆటగానికి కొన్ని ప్రశ్నలడిగే హక్కు వస్తుంది: ఇక్కడ జరిగిందేమిటి, అది ఎటువంటి జీవి, దానిని ఏది నొప్పించగలదు, ఇక్కడ ఎవరు ఏమి దాస్తున్నారు. నిర్వాహకులు నిజమే చెప్పాలి. పోతన ఊరుగా మనం చెప్పుకొనే బమ్మెర జనగామ జిల్లాలోనిదే. ఆయన చెప్పిన ప్రహ్లాదచరిత్రలో ఉన్నది సరిగ్గా ఇదే కదా! పగలు గాని రాత్రి గాని, ఇంట గాని బయట గాని, మనిషి చేత గాని మృగం చేత గాని చావు లేకుండా హిరణ్యకశిపుడు వరం పొందాడు. వరమంటే తాళం. ప్రతి తాళానికీ ఒక చెవి ఉంటుంది. సంధ్యవేళ, గడప మీద, నరుడూ సింహమూ కాని రూపం ఆ చెవి. ఈ పోలిక చెప్పగానే పిల్లల ముఖాలు వెలిగాయి. ఒకే పూటలో భస్మాసురుడూ, మహిషాసురుడూ, నరకాసురుడూ ఎవరెవరి మర్మాలతో వారు బల్లమీదికి వచ్చేశారు.

పుస్తకం ఒక్కటే కొన్నాము. అందులోని మౌలిక నియమాలను నాలుగు పుటలలో తెలుగు చేసి ఇచ్చాను. 'కాపాడడం' అన్నది కూడా 'కొట్టడం'తో సమానమైన నియమంగా ఉండటం చూసి, భీముడి పాత్ర కోసం పోట్లాడే పిల్లలు కాసేపు తటపటాయించారు.

ఈలోగా ఒక తండ్రిగారు వచ్చి, “ఈ ఆట పిల్లలకు చేతబడి నేర్పుతదా?” అని అడిగారు. ఆయన గనిలో రాత్రిషిఫ్టు చేసి, నిద్ర మాని వచ్చిన మనిషి. 1980లలో అమెరికాలో సరిగ్గా ఇదే భయం పుట్టింది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ పిల్లలకు క్షుద్రవిద్య నేర్పుతుందని తల్లిదండ్రుల సంఘాలు ఆందోళన చేశాయి. వేటకథల ఆటనే వేటాడారన్నమాట! ఆయనను కూర్చోబెట్టి, కాగితాలూ పాచికలూ చూపాను. అరగంట కూర్చొని చూశాక, “ఒగ్గుకథ లెక్కనే ఉన్నది గాని డోలు లేదు” అని లేచి వెళ్లారు.

నాలుగవ వారానికి నిర్వాహకత్వం తాను తీసుకొంటానని ఆ అమ్మాయి అడిగింది. కాగితం మడతపెట్టుకొని వెళ్లిన అమ్మాయే. ఈ ఆటలో నిర్వాహకులు ముందుగా ఒక కాలక్రమం వ్రాసుకోవాలి. ఎవరూ అడ్డుపడకపోతే కీడు మెట్టు మెట్టుగా ఎట్లా పెరుగుతుందో, పగటినుండి అర్ధరాత్రి వరకు ఆరు ఘట్టాలుగా. ఆమె వ్రాసినది నాకు మాత్రమే చూపింది. రేగొండకు సమీపాన, ఆదిమానవులు ఎర్రరంగుతో బొమ్మలు వేసిన పాండవుల గుట్టల దగ్గర ఒక ఊరు. ఆ ఊళ్లో ముసలవ్వ. పగటిపూట ఒక కోడి చస్తుంది. నీడలు సాగేవేళ ఎవరో ఆమె పేరు పలుకుతారు. సూర్యాస్తమయానికి పిల్లలు రాళ్లు ఏరుకొంటారు. అర్ధరాత్రికి ఏమవుతుందో వ్రాసిన పంక్తిని ఆమె కొట్టివేసి, మళ్లీ వ్రాసింది. రాక్షసుడు నిజంగానే ఉన్నాడు. వాడికి రూపం లేదు. ఎవరైనా ముసలవ్వ వైపు వేలు చూపినప్పుడల్లా వాడికి ఒక పిడికెడు ఒళ్లు వస్తుంది. మర్మం గడిలో ఆమె ఒకే వాక్యం వ్రాసింది. ఊరివాడొకడు అవ్వ యింట్లో కూర్చొని, ఆమె చేతి నీళ్లు తాగాలి.

ఆ సాయంత్రం ఆట మొదలైంది. తొలి కథ వ్రాసిన కుర్రవాడు ఈ కథలో ఆ ఊరి యువకుడి పాత్ర తీసుకొన్నాడు. మొదట వాళ్లు చనిపోయిన కోడిని పరీక్షించారు. తరువాత పేరు పలికిన మనిషిని వెదికారు. అక్కడ పాచికలు మూడు పడి, ఆ మనిషి వారిని ఊరంతటికీ అనుమానితులుగా చేశాడు. వేలు చూపడం ఎక్కువైనకొద్దీ చీకటిలో ఏదో బరువుగా నడుస్తున్నదని మాత్రం తెలుస్తూ ఉంది. ఎవరికీ ఆయుధం ఎత్తే చోటు దొరకలేదు. చివరకు ఆ కుర్రవాడు, “నేను అవ్వ ఇంటికి పోత. ఏమైందో ఆమెనే అడుగుత” అన్నాడు. పాచికలు వేశాడు. నాలుగూ నాలుగూ, ఎనిమిది. పని నెరవేరుతుంది, మూల్యంతో.

“నువ్వు పోతుంటే ఊరంత చూసింది” అంది ఆ అమ్మాయి. “మీ అమ్మ కూడ చూసింది. అవ్వ తలుపు తీసింది. ఏం మాట్లాడలేదు. చెంబుతోని నీళ్లు తెచ్చిచ్చింది.”

వాడు మళ్లీ పాచికల కోసం చేయి చాపాడు. ఆమె వాటిని తన అరచేతితో కప్పింది.

“దీనికి పాచికలు లేవు. తాగుతవా, తాగవా?”

వాడు ఆమె ముఖంలోకి చూశాడు. తక్కినవారు మాట్లాడలేదు. బయట వాన పెద్దదయింది. వాడికి ఆ అమ్మాయి యింటి సంగతి తెలుసో తెలియదో నేను ఈనాటికీ అడగలేదు.

“తాగుత” అన్నాడు కొంతసేపటికి. “కూసొని తాగుత.”

ఆమె తన కాగితంలో ఏదో వ్రాసుకొంది. అంతలో బస్సు వచ్చిందని కేక వినవచ్చింది. పిల్లలు పాచికలను పెట్టెలో వేసి పరుగెత్తారు. మిగిలిన కథ మరుసటి బుధవారానికి పడింది.